యివూ నగరమా, తాలూకానా? రేవూ గనులూ లేని చోట అంత పెద్ద సంత ఎలా వెలిసింది?

ప్రశ్న: షావుకారుపేట, చెన్నై

అందరికీ నమస్కారం. షావుకారుపేటలో మా మామయ్యగారి ఫ్యాన్సీ సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. జడ క్లిప్పులు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, పెళ్లి మండపాలకు వాడే కాగితపు పూలు ఇలా ఏ సరుకు అట్టపెట్టె విప్పినా దాని మీద తరచుగా కనబడే ఊరి పేరు ఒకటే: చైనాలోని జెజియాంగ్ రాష్ట్రానికి చెందిన యివూ. ఈ ఊరిని గురించి తెలుసుకోవాలని ప్రయత్నించిన కొద్దీ నాకు రెండు చిక్కులు ఎదురయ్యాయి.

మొదటిది పాలనకు సంబంధించినది. కొన్ని పెట్టెల మీద "జిన్‌హువా నగరం, యివూ నగరం" అని రెండు నగరాల పేర్లూ వరుసగా ఉంటున్నాయి. ఒక నగరం లోపల ఇంకొక నగరం ఎలా ఉంటుంది? మన లెక్కలో దీన్ని జిల్లా అనుకోవాలా, తాలూకా అనుకోవాలా, పురపాలక సంఘం అనుకోవాలా?

రెండవది భూగోళానికి సంబంధించినది. తిరుప్పూరులో బనియన్లు ఎందుకు తయారవుతాయంటే చుట్టూ పత్తి పండే కొంగునాడు ఉందని చెప్పగలను. శివకాశిలో బాణసంచా ఎందుకంటే అక్కడి పొడి వాతావరణాన్ని చూపించగలను. యివూకు సముద్రం లేదు, గనులు లేవు, పేరున్న పంట ఉన్నట్టు కూడా కనబడదు. షాంఘైలోనో నింగ్‌బో రేవులోనో ఉండవలసిన సంత కొండల మధ్యకు ఎందుకు వెళ్లింది? తెలిసినవారు వివరంగా చెబితే ఎంతో సంతోషిస్తాను.

జవాబు 1: విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, సైదాపేట, చెన్నై

బాబూ, మీ రెండో చిక్కు నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నా దృష్టిలో మొదటిదానికి మూలం కూడా అందులోనే ఉంది.

యివూ జెజియాంగ్ నడిబొడ్డున, జిన్‌హువా–చూజౌ లోయకు తూర్పు అంచున ఉంది. తూర్పున, దక్షిణాన, ఉత్తరాన కొండలు కమ్ముకుని ఉంటాయి. మధ్యలో పల్లపు నేల ఒక సన్నని నడవలా సాగుతుంది. దాని గుండా తూర్పున ఉన్న డోంగ్‌యాంగ్ వైపు నుంచి వచ్చే యివూ నది పారి, జిన్‌హువా వద్ద మరో నదితో కలిసి, చివరకు చియెన్‌తాంగ్ నదీ వ్యవస్థ ద్వారా హాంగ్‌జౌ అఖాతానికి చేరుతుంది. మొత్తం విస్తీర్ణం సుమారు 1,105 చదరపు కిలోమీటర్లు, అంటే 426 చదరపు కిలోమీటర్ల మన చెన్నై కార్పొరేషనుకు రెండున్నర రెట్లు. రుతుపవనాల ప్రాంతమే కనుక వానకు లోటు లేదు. లోటంతా నేలదే: లోయ అంచుల్లోని ఎర్రమట్టి పుల్లనిది, సారం తక్కువది, దాని మీద ఆధారపడిన జనమా ఎక్కువ.

సారం లేని నేలకు ఎరువు కావాలి, ఎరువు కొనడానికి డబ్బు లేదు. ఈ ఇబ్బందిలోంచే యివూ వ్యాపారం పుట్టింది. అక్కడ చెరకు పండేది. ఆ చెరకు రసాన్ని కాచి బెల్లంలాంటి ఎర్రచక్కెర చేసేవారు, యీతింగ్ అనే పట్టణం ఇప్పటికీ దానికి ప్రసిద్ధి. వ్యవసాయపు పనులు లేని చలికాలంలో రైతులు ఆ చక్కెర పాకంతో చేసిన మిఠాయి పలకలను కావడిలో పెట్టుకుని, చేతిలో తిప్పితే టకటక మోగే చిన్న డప్పుతో ఊరూరా తిరిగేవారు. పండుగకు కోళ్లు కోసిన ఇళ్లవాళ్లు ఈకలు ఇస్తే మిఠాయి ముక్క కొట్టి ఇచ్చేవారు. మేలైన ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు పోయేవి. మిగిలినవి వరి మొక్కల మొదళ్లలో ఎరువుగా కూరేవారు. దీన్నే చైనీయులు "కోడి ఈకలకు చక్కెర మారకం" అంటారు. మన పల్లెల్లో వెంట్రుకలకు పిన్నీసులు, పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే బేరగాళ్లను చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఈ తిరుగుడులో సూదులు, దారాలు, బొత్తాలు, రిబ్బన్లు క్రమంగా మిఠాయి పక్కన చేరాయి. ఇంటింటికీ తిరిగేవాడికి బరువైన సరుకు పనికిరాదు. తేలికగా ఉండి, చవకగా ఉండి, ఆడవాళ్లకూ పిల్లలకూ రోజూ కావలసినదే పనికివస్తుంది. మీరు ఈ రోజు మీ దుకాణంలో విప్పుతున్న పెట్టెల్లోని సరుకు స్వభావం ఆ కావడి బరువును బట్టి నిర్ణయమైందని నేను నమ్ముతున్నాను. ముడిసరుకునూ రేవునూ వెతికితే యివూకు కారణం దొరకదు. ఊరు దాటి తిరగడం నేర్చిన మనుషులే అక్కడి వనరు.

జవాబు 2: చిక్‌పేట వ్యాపారి, బెంగళూరు

మాస్టారు చెప్పినది చదివి చాలా ఆనందం కలిగింది. నేను బెంగళూరు చిక్‌పేటలో గాజులు, తలకు పెట్టుకునే నగల వ్యాపారం చేస్తాను. సరుకు ఎంపిక కోసం యివూకు వెళ్లి వచ్చినవాణ్ని కనుక సంత గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఇప్పుడున్న అంతర్జాతీయ వాణిజ్య నగరం అనే సముదాయంలో దాదాపు 75,000 కొట్లు ఉన్నాయి. మొదటి భాగం 2002లో తెరిచారు. ఆ తరువాత 2004, 2005, 2008, 2011 సంవత్సరాల్లో ఒక్కొక్క భాగం జతపడి, 2011 నాటికి అయిదు భాగాలైంది. ఒక్కొక్క కొట్టు మన పేటలోని కొట్టుకంటే పెద్దదేమీ కాదు. నమూనాలు గోడకు వేలాడుతుంటాయి, సరుకు వేరే గిడ్డంగిలో ఉంటుంది. బొమ్మలన్నీ ఒకచోట, తాళాలన్నీ ఒకచోట, సాక్సులన్నీ ఒకచోట ఉండడం వల్ల ఒక పూటలో వంద మంది ధరలు పోల్చుకోవచ్చు. కొనేవాడికి కాళ్లనొప్పి, అమ్మేవాడికి పక్కవాడి ధరతో నిరంతర పోటీ. అరబ్బులు, ఆఫ్రికా దేశాలవారు, మనవాళ్లు అందరూ అక్కడ కనబడతారు. ఒక పాత పట్టు మిల్లు ఉన్న చోట ఇప్పుడు మసీదు ఉంది.

నాకు అర్థమైనంతవరకు ఇదంతా ప్రభుత్వం ముందుగా పథకం వేసి కట్టించినదే. సంతను నడిపే సంస్థలో ప్రభుత్వానిదే పైచేయి. అది 2002లో షాంఘై స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా నమోదైంది. మన పేటలకు అటువంటి పూనిక ఏ ప్రభుత్వమూ చూపలేదు.

జవాబు 3: పాలనా శాస్త్ర పరిశోధక విద్యార్థిని, బెంగళూరు

చిక్‌పేట అన్నగారి అనుభవం నాకు లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. అయితే ప్రభుత్వం పథకం వేసి కట్టించిందన్న మాటతో నేను ఏకీభవించలేను. 1970లలోనే న్యెన్‌సాన్‌లీ పట్టణంలోనూ, యివూ వీధుల్లోనూ చిరువ్యాపారులు చాటుగా బుట్టలు పెట్టి అమ్ముకునేవారు. అప్పటి చట్టం దృష్టిలో అది లాభాపేక్షతో చేసే నేరం. అధికారులు తరిమేవారు, సరుకు పట్టుకునేవారు. షియే గావ్‌హువా అనే అధికారి 1982లో యివూ కౌంటీకి (మన తాలూకాలాంటి పాలనా విభాగం) కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిగా వచ్చి, ఈ వ్యాపారాన్ని అణచడం కంటే అనుమతించడమే మేలని నిర్ణయించారు. ఆ ఏడాది సెప్టెంబరు 5న హూచింగ్‌మెన్ వీధిలో సుమారు 700 బల్లలతో సంత అధికారికంగా మొదలైంది. రైతులు వ్యాపారం చేయవచ్చు, సరుకును దూరప్రాంతాలకు తీసుకుపోవచ్చు, పట్టణంలోనూ పల్లెలోనూ సంతలు పెట్టవచ్చు, పలు మార్గాల్లో పోటీ పడవచ్చు అన్న నాలుగు అనుమతులు ఆనాటివే.

అంతకన్నా ముఖ్యమైనది పన్ను పద్ధతి అని నా అభిప్రాయం. పద్దు పుస్తకాలు రాయడం రాని బేరగాడి అమ్మకాలను లెక్కగట్టి పన్ను వేయడం అసాధ్యం కనుక, ఒక్కొక్క బల్లకు ఇంత అని ఖాయమైన మొత్తం నిర్ణయించారు. ఎక్కువ అమ్ముకున్నవాడికి భయం పోయింది. 1984లో "వ్యాపారంతో కౌంటీని నిర్మిద్దాం" అన్న నినాదం వచ్చింది. ఆ ఏడాదే సంత మరో చోటికి పెరిగింది, 1986లోనూ 1992లోనూ మళ్లీ మారింది. అన్నగారు చూసిన భవనాలు అయిదవ తరానివి. మొదటి రెండు దశాబ్దాల్లో ప్రభుత్వం జనం వెనక నడిచింది. పెద్ద భవనాల కాలంలో ముందు నడిచింది. షియే గారికి 2018 డిసెంబరులో జాతీయ స్థాయిలో సంస్కరణ మార్గదర్శి గౌరవం లభించింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు.

ఇక పాలన సంగతి. చైనాలో రాష్ట్రం కింద ప్రిఫెక్చర్ స్థాయి, దాని కింద కౌంటీ స్థాయి, దాని కింద పట్టణాలు, ఉపజిల్లాలు ఉంటాయి. "నగరం" అన్న మాట ఇందులో ఏ మెట్టుకైనా తగిలిస్తారు. అక్కడే మనం తడబడతాము. జిన్‌హువా ప్రిఫెక్చర్ స్థాయి నగరం. మన జిల్లాతో పోల్చవచ్చు. యివూ కౌంటీ స్థాయి నగరం; మన పాత తాలూకాతో పోల్చవచ్చు. కౌంటీలో పట్టణ లక్షణాలు పెరిగాయని కేంద్ర మంత్రిమండలి ఒప్పుకుంటే "కౌంటీ" అన్న పేరు తీసి "నగరం" అని పెడతారు. హద్దులు మాత్రం అలాగే ఉంటాయి. ఈ రకం నగరాలు ఇప్పుడు చైనాలో 400కు దగ్గరగా ఉన్నాయి. యివూకు ఈ పేరు 1988లో వచ్చింది. మన పురపాలక సంఘానికీ దీనికీ పెద్ద తేడా ఏమిటంటే, పురపాలక సంఘం పట్టణానికి మాత్రమే పరిమితం. కౌంటీ స్థాయి నగరంలో వరిపొలాలు, చెరకుతోటలు, కొండపల్లెలు కూడా లోపలే ఉంటాయి. యివూలో 8 ఉపజిల్లాలు, 6 పట్టణాలు ఉన్నాయి; 2020 జనగణన ప్రకారం జనాభా 18.5 లక్షలకు పైగా, అందులో సగానికి పైగా బయటి నుంచి బతుకుతెరువుకు వచ్చినవారే.

ఒక సూక్ష్మం ఉంది. కౌంటీ స్థాయి నగరాలను జిన్‌హువా వంటి పెద్ద నగరం సొంత హక్కుతో పాలించదు; రాష్ట్రం తరఫున పర్యవేక్షిస్తుందని మాత్రమే లెక్క. పైగా జెజియాంగ్ రాష్ట్రం చాలాకాలంగా కౌంటీల ఆర్థిక లెక్కలను మధ్యలో ప్రిఫెక్చరును తేకుండా నేరుగా తానే చూస్తోంది. యివూలో వసూలైన పన్నుల్లో యివూకు దక్కే వాటా జిన్‌హువా దయ మీద ఆధారపడకపోవడం ఆ ఊరి ఎదుగుదలకు ఎంతో తోడ్పడింది.

అయినా ఊరి వ్యాపారం తాలూకా హోదాను ఎప్పుడో దాటిపోయింది. జిన్‌హువా మొత్తం స్థూల ఉత్పత్తిలో సుమారు మూడో వంతు యివూదే. మన దగ్గర ఇటువంటి పరిస్థితి వస్తే సరిహద్దులు మారుస్తాము: తిరుప్పూరును 2009లో కోయంబత్తూరు, ఈరోడ్ జిల్లాల నుంచి విడదీసి జిల్లా చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జెజియాంగ్‌లో హద్దు కదపలేదు, హోదా పెంచలేదు. అధికారాలను మాత్రం విడతలు విడతలుగా కిందికి దింపారు. 2006లో ఒక్కసారే 472 అధికారాలు యివూకు బదిలీ అయ్యాయి. విదేశీయులకు నివాస అనుమతులు ఇవ్వడం వంటి, మామూలుగా పై స్థాయి కార్యాలయాలు చూసే పనులు కూడా యివూ చేతికి వచ్చాయి. 2011 మార్చిలో అంతర్జాతీయ వాణిజ్య సంస్కరణల ప్రయోగశాలగా యివూను కేంద్ర మంత్రిమండలి ఆమోదించింది. కౌంటీ స్థాయి ప్రాంతానికి అటువంటి గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. మన జిల్లాల విభజనలో భవనాలకూ పదవులకూ అయ్యే ఖర్చును తలచుకున్నప్పుడల్లా ఈ పద్ధతిని మనవాళ్లు శ్రద్ధగా పరిశీలించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జవాబు 4: విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, సైదాపేట

అమ్మా, చాలా చక్కగా విప్పి చెప్పారు. ప్రభుత్వం వెనక నడిచిందన్న మీ సవరణను నేను కూడా సమర్థిస్తున్నాను. చెన్నైవాసులకు దగ్గరగా ఉండే మరో విషయం చేర్చాలి: నీళ్లు.

సంత పెరిగి జనం పెరిగేసరికి యివూకు తాగునీరు చాలలేదు. నదికి ఎగువన ఉన్న డోంగ్‌యాంగ్ కూడా జిన్‌హువా కిందే ఉన్న మరో కౌంటీ స్థాయి నగరం. దానికి హెంగ్‌జిన్ జలాశయంలో నీరు మిగులు. 2000 నవంబరులో రెండు ఊళ్లూ ఒప్పందం చేసుకున్నాయి: యివూ 20 కోట్ల యువాన్లు చెల్లిస్తుంది, డోంగ్‌యాంగ్ ఏటా దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీటిని వాడుకునే హక్కును శాశ్వతంగా ఇస్తుంది. చైనాలో నీటి హక్కు అమ్మకం జరగడం ఇదే మొదటిదని చెబుతారు. గొట్టాల ద్వారా నీరు 2005లో చేరింది. మన లెక్కలో అది సుమారు 1.77 టీఎంసీలు.

ఇక్కడ తెలుగుగంగను తలచుకోకుండా ఉండలేను. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ తలా 5 టీఎంసీల కృష్ణా నీటిని చెన్నైకి ఇవ్వడానికి అంగీకరించాయి. 1996లో పూండి జలాశయానికి మొదటి నీళ్లు వచ్చిన రోజు మా వీధిలో ఆడవాళ్లు కడవలకు పసుపు రాసిన సంగతి నాకు ఇంకా గుర్తుంది. అక్కడ మూడు రాష్ట్రాల అంగీకారం కావలసి వచ్చింది. యివూ, డోంగ్‌యాంగ్ ఒకే మెట్టు మీది ఇరుగుపొరుగులు కనుక కొనుగోలు బేరంలా కూర్చుని తేల్చుకున్నారు.

ప్రశ్న అడిగినవారు: షావుకారుపేట

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మామయ్యగారికి చదివి వినిపిస్తే, కావడి సంగతి దగ్గర ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా తాతగారు నెల్లూరు జిల్లా పల్లెల్లో నెత్తిన గంపతో గాజులు అమ్మినవారు. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. యివూ అన్న పేరుకు అర్థం ఏమిటి? చిన్న వ్యాపారులు పది రకాల సరుకును ఒకే కంటెయినరులో ఎలా పంపగలుగుతున్నారు? మా పెట్టెల మీద "ఫుతియెన్ వీధి" అని ఉంటుంది. 75,000 కొట్లున్న సంత ఒక్క వీధిలో ఎలా ఇమిడింది?

జవాబు 5: పాలనా శాస్త్ర పరిశోధక విద్యార్థిని, బెంగళూరు

పేరు చాలా పాతది. చిన్ రాజ్యం క్రీస్తుపూర్వం 222లో ఇక్కడ ఏర్పాటు చేసిన కౌంటీ పేరు వూషాంగ్, అంటే "గాయపడిన కాకి". యెన్ వూ అనే కొడుకు చనిపోయిన తండ్రికి సమాధి కట్టడానికి ఒంటరిగా మట్టి మోస్తుంటే కాకులు ముక్కులతో మట్టి తెచ్చి సాయపడ్డాయనీ, వాటి ముక్కులు గాయపడ్డాయనీ కథ. పెద్దల పేరున కాకికి పిండం పెట్టే మనకు ఈ కథ వెంటనే మనసుకు పట్టుతుంది. తాంగ్ వంశ కాలంలో, క్రీస్తుశకం 624లో, పేరు యివూగా మారింది. అంటే "ధర్మం తెలిసిన కాకి". 1960లో పొరుగున ఉన్న పూజియాంగ్ కౌంటీని యివూలో కలిపి, కొన్నేళ్ల తరువాత మళ్లీ విడదీశారు.

జవాబు 6: చిక్‌పేట వ్యాపారి, బెంగళూరు

చెల్లెమ్మ చేసిన సవరణ సరైనదే. నేను చూసింది 2002 తరువాతి యివూను మాత్రమే.

కంటెయినరు ప్రశ్నకు నేను చెబుతాను. మామూలు ఎగుమతిలో ఒక్కొక్క సరుకుకూ తయారీదారు ఇచ్చే పన్ను బిల్లు చూపాలి. చిన్న కార్ఖానాల దగ్గర అది ఉండదు. అందుకని 2013లో యివూకు "సంత కొనుగోలు" అనే ప్రత్యేక పద్ధతిని అనుమతించారు. కస్టమ్స్ పత్రాల్లో దాని సంఖ్య 1039. గుర్తింపు పొందిన సంతలో కొన్న సరుకును ఒక్కొక్క పత్రానికి 1,50,000 డాలర్ల విలువ మించకుండా పంపవచ్చు. దానికి విలువ ఆధారిత పన్ను ఉండదు. పది మంది దగ్గర కొన్న క్లిప్పులూ బొమ్మలూ సాక్సులూ ఏజెంటు గిడ్డంగిలో ఒక్కచోట చేర్చి, ఒకే కంటెయినరులో ఎక్కించి, రోడ్డు లేదా రైలు మార్గాన నింగ్‌బో రేవుకు పంపుతారు. చెన్నైకి వచ్చే సరుకు ఓడలోనే వస్తుంది. యూరపుకు రైలు కూడా ఉంది: 2014 నవంబరు 18న యివూలో బయలుదేరిన రైలు 13,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి డిసెంబరు 9న స్పెయిను రాజధాని మాడ్రిడ్ చేరింది. 2023లో యివూ ఎగుమతి, దిగుమతుల మొత్తం సుమారు 56,600 కోట్ల యువాన్లు.

ఫుతియెన్ విషయంలో మొదట్లో నేను కూడా పొరబడ్డాను. అది వీధి కాదు. చెల్లెమ్మ చెప్పిన 8 ఉపజిల్లాల్లో అదొకటి. చైనీయ భాషలో ఉపజిల్లాకూ వీధికీ ఒకే మాట వాడతారు కనుక పెట్టె మీద చిరునామా అచ్చువేసేవాళ్లు దాన్ని "వీధి" అని మార్చేస్తారు. వాళ్ల చిరునామా పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది: జెజియాంగ్ రాష్ట్రం, జిన్‌హువా నగరం, యివూ నగరం, ఫుతియెన్ ఉపజిల్లా, ఆ తరువాత సంత భాగం, అంతస్తు, కొట్టు సంఖ్య. మీకు బేరం కుదిరిన కొట్టును మళ్లీ వెతకాలంటే చివరి మూడూ రాసిపెట్టుకోండి.